తాతగారి కత్తికి కొత్త పిడి: దుప్పి కొమ్ము లేకుండా పూర్తి చేసిన ఒక కేసు

బెంగళూరు పీణ్యలో ఒక చిన్న షెడ్డులో చేత్తో కత్తులు చేస్తాను. పాత కత్తులకు పిడులు కూడా వేస్తాను. ఏడాదికి రెండు మూడు సార్లు ఎవరో ఒకరు దుప్పి కొమ్ము పిడి కావాలని అడుగుతారు. చాలామందికి ఫోనులోనే విషయం చెప్పి వేరే దారి చూపిస్తాను. ఈ ఒక్క పని మాత్రం అలా తేలలేదు. 2025 జనవరిలో మొదలై ఆరు నెలలు నడిచింది. ఇందులో నేను రెండు పిడులు పాడు చేశాను. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్నను నాలుగు నెలల తర్వాత అడిగాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, ఊరు తీసేశాను.

నేపథ్యం

వచ్చిన అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సొంత ఊరు రాయలసీమలో, మామిడి తోటల మధ్య. తాతగారు చేయించుకున్న కత్తిని ఇప్పుడు వాళ్ల నాన్నగారు వాడుతున్నారు. ఆయనకు డెబ్బై దాటాయి. కాయల తొడిమలు కోయడం దగ్గర్నుంచి వానాకాలంలో అంటు కట్టడం దాకా ఆయన చేతిలో అదే ఉంటుంది. దాని పిడి రెండుగా చీలిపోయింది. రాగి తీగ చుట్టి ఒక ఏడాది నెట్టుకొచ్చారు. ఆ తీగ అరచేతిని కోయడంతో కొడుకు కత్తిని బెంగళూరు తెచ్చాడు.

ఫోనులో నాకు కత్తి ఫొటో ఒక్కటే పంపాడు. షెడ్డుకు వచ్చేటప్పుడు మాత్రం కత్తితో పాటు ఒక గోనెసంచి కూడా తెచ్చాడు. సంచి మూతిలోంచి కొమ్ముల మొదళ్లు బయటికి కనబడుతున్నాయి. ఊళ్లో వాళ్ల హాల్లో గోడకు ఉండే జత అది.

"అన్నా, ఇందులోంచే ముక్క కోసి పిడి వేయండి. మిగిలింది మీరే ఉంచుకోండి" అన్నాడు.

అతని ఆలోచన మంచిదే. పాత పిడి ఏ వస్తువుతో చేశారో కొత్తది కూడా దానితోనే ఉండాలి, తాతగారి ఇంట్లోదే కావాలి అనుకున్నాడు. నేను కూడా అలాగే అనుకునేవాణ్ణి.

కత్తిలో ఏం చూశాను

చీలిన పిడిని కోత వైపు నుంచి చూశాను. బయట గట్టిగా, దట్టంగా ఒక పొర ఉంది. లోపల తేనెపట్టులా చిన్న చిన్న రంధ్రాల బెండు. పైన చెట్టు బెరడులా నిలువు గీతలు, బుడిపెలు. అది దుప్పి కొమ్మే.

కొమ్ము అనే ఒకే మాటను మనం రెండు వేర్వేరు వస్తువులకు వాడతాం. గేదె కొమ్ము మన గోరులాంటి పదార్థం. లోపలి ఎముక మీద తొడుగులా పెరుగుతుంది, బతికినన్నాళ్లూ ఉంటుంది. వేడి చేస్తే మెత్తబడి వంగుతుంది. సూదిని ఎర్రగా కాల్చి తాకిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. దుప్పి కొమ్ము అలాంటిది కాదు, అది నిజమైన ఎముక. మగ దుప్పికి మాత్రమే వస్తుంది, పెరిగి, గట్టిపడి, రాలిపోయి, మళ్లీ మొలుస్తుంది. మామూలు ఎముక కంటే అందులో ఖనిజం పాలు తక్కువ, అందుకే దెబ్బ తగిలితే అంత త్వరగా పగలదు. కత్తులవాళ్లు దాన్ని అంతగా కోరుకోవడానికి ఆ గుణం ఒక కారణం. మన కణుజు, అంటే సాంబార్ కొమ్ములో బెండు తక్కువ, గట్టి భాగం ఎక్కువ. ఇంగ్లండులో షెఫీల్డ్ కత్తులవాళ్లు మన దేశం నుంచి దాన్నే తెప్పించుకునేవారు.

పిడి ఎందుకు చీలిందో కూడా కనబడింది. బ్లేడు వెనక పిడిలోకి దూరే ఇనుప తోకను మేం ట్యాంగ్ అంటాం. దాన్ని లక్క, ఇటుక పొడి కలిపి బిగించారు. మన కమ్మరుల పాత పద్ధతి అది. మంచి పద్ధతే, వేడి చేస్తే ఊడి వస్తుంది, మళ్లీ బిగించుకోవచ్చు. అయితే ఏళ్ల తరబడి నీళ్లు లోపలికి దిగాయి. బెండు ఆ తేమను పట్టి ఉంచింది. ఇనుము తుప్పు పట్టింది. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. లోపలి నుంచి మేకు కొట్టినట్టు అది పిడిని చీల్చింది. బ్లేడు లారీ కమాన్ పట్టీ ఉక్కు. మీద తుప్పు మచ్చలున్నా లోపల ఆరోగ్యంగానే ఉంది.

మొదటి నిర్ణయం: ఆ కొమ్ములు ముట్టుకోను

సంచి విప్పవద్దన్నాను. అతను నొచ్చుకున్నాడు. "రాలిన కొమ్మే కదా అన్నా, తాత అడివిలో ఏరుకొచ్చాడంట. ఎవురూ చంపలేదు కదా" అన్నాడు.

ఈ మాట ప్రతిసారీ వింటాను. మనలో చాలామంది నిజంగానే అలా నమ్ముతారు. అందుకే నా కారణాలన్నీ చెప్పాను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ట్రోఫీ, అంటే అడవి జంతువు శరీర భాగం, అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో దుప్పి కొమ్ము పేరు పెట్టి ఉంది. అది రాలిందా, కోసిందా అన్న తేడాతో వ్యాపారం చేసేవాడికి ఊరట దొరకదు. 1990ల చివరి దాకా రాలిన కొమ్ములతో చేసిన వస్తువుల ఎగుమతి మన దేశంలో సాగింది. అప్పటి జ్ఞాపకంతోనే ఇప్పటికీ చాలామంది మాట్లాడతారు. ఆ రోజులు పోయాయి. 2003లో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం యాజమాన్య పత్రం ఉన్నవాళ్లు కూడా ఇలాంటి వస్తువును అమ్మకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు గానీ 90 రోజుల్లోపు రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే ముఖ్య అధికారికి, అంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియజేయాలి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్తే అది కూడా చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం 57వ సెక్షను. వస్తువు నీ దగ్గర దొరికితే అది అక్రమంగా ఉన్నట్టే లెక్క, కాదని నిరూపించుకోవాల్సింది నువ్వే. వాళ్లింట్లో ఒక్క కాగితం కూడా లేదు.

2023 అక్టోబరులో ఇదే బెంగళూరులో టీవీ షోలో ఉన్న ఒకతన్ని పులిగోరు లాకెట్టు కేసులో అరెస్టు చేశారు. ఆ తర్వాత ఇంటి గోడల మీది కొమ్ముల గురించి భయంగా ఫోన్లు చేసినవాళ్లు నాకే చాలామంది ఉన్నారు.

అయితే నేను వద్దనడానికి భయం ఒక్కటే కారణం కాదు. అడవిలో రాలిన కొమ్ము వృథాగా పడి ఉండదు. ముళ్లపందులు, ఎలుకలు దాన్ని కొరుక్కు తింటాయి. కాల్షియం, ఫాస్ఫరస్ కోసం దుప్పులే నమలడమూ ఉంది. ఇంకో సంగతి, కొమ్మును పిడి సైజుకు కోసేశాక రాలిన దానికీ చంపి తీసిన దానికీ తేడా ఏ నిపుణుడి కంటికీ కనబడదు. రాలిన కొమ్ముకు ధర పెట్టిన రోజున చంపిన కొమ్ముకూ అదే ధర పలుకుతుంది. నా బల్ల మీద ఆ ముక్క అందంగా తయారైతే దాన్ని చూసినవాళ్లు ఇంకొకటి అడుగుతారు. ఆ ఇంకొకటి ఎక్కడి నుంచి వస్తుందో నేను చూడలేను.

అప్పుడు ఒక విషయం చెప్పాలా వద్దా అని తటపటాయించాను. రాలిన కొమ్ము మొదలు గుండ్రంగా, గరుకుగా, నాణెంలా ఉంటుంది. సంచిలోంచి కనబడుతున్న మొదళ్లు అలా లేవు. రెండింటికీ కింద పుర్రె ఎముక ముక్క అంటుకుని, రంపపు కోత కనబడుతోంది. అంటే అది రాలింది కాదు. తాతగారి గురించి చిన్నప్పట్నుంచి విన్న కథ అది. దాన్ని నేను చెడగొట్టడం ఏమిటనిపించింది. కానీ అతను ఆ నమ్మకంతోనే దాన్ని ఇంకో షెడ్డుకు తీసుకెళ్తాడు. అందుకే చూపించాను. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాయనకు తెలుసో లేదో" అన్నాడు.

ముందు ఒక లాయరుతో మాట్లాడమన్నాను, మాట్లాడకుండా ఆ సంచిని మళ్లీ బస్సెక్కించవద్దన్నాను. లాయరు సలహాతో అతను తర్వాత ఏం చేశాడన్నది ఆ కుటుంబం విషయం. ఆ కొమ్ములు ఇప్పుడు అటవీ శాఖ దగ్గర ఉన్నాయని మాత్రం చెప్పగలను. చీలిన పాత పిడి ముక్కలకూ ఇదే వర్తిస్తుంది. అతికించి ఇవ్వమని అడిగాడు, అదీ కాదన్నాను. అతనే ఊడదీసి సంచిలో వేసుకున్నాడు. పిడి పొడవు, చుట్టుకొలత, రెండు చోట్ల మందం రాసుకుని బ్లేడు ఒక్కటే నా దగ్గర ఉంచుకున్నాను. ఆ కొలతల్లో నేను వదిలేసిన ఒక సంగతి తర్వాత నన్ను చాలా తిప్పలు పెట్టింది.

ఏం ప్రయత్నించాను, ఏవి చెడ్డాయి

వారం తర్వాత అతను ఒక లింకు పంపాడు. యూరప్ ఎర్ర దుప్పి కొమ్ము, రాలినదే, మన దేశంలోనే అమ్ముతున్నారు. అమ్మేవాళ్లకు నేనే రాశాను, దిగుమతి పత్రాలు చూపించమని. ఫొటోలు పంపారు, ధర తగ్గిస్తామన్నారు, పత్రాల మాట మాత్రం ఎత్తలేదు. దాంతో వదిలేశాను. పలకలుగా కోశాక అది ఎర్ర దుప్పిదా, మన కణుజుదా అని అడిగితే నా దగ్గర జవాబు ఉండదు. మూలం తెలియని కొమ్ము ఏ దేశానిదైనా నాకు ఒకటే.

రెండోది రెజిన్. దుప్పి కొమ్ము అచ్చులో పోసి రంగులు వేసిన పలకలు దొరుకుతాయి. ఒక జత తెచ్చి కత్తికి ఊరికే కట్టి చూపించాను. ఫొటోలో అచ్చం అదే. చేతిలోకి తీసుకున్న క్షణంలో అతని మొహం మారింది. దాని మీద ఎక్కువ రోజులు పోలేదు.

అసలు పని గేదె కొమ్ముతో మొదలైంది. ఆంధ్రా సరిహద్దు దాటగానే ఒడిశాలో ఉండే పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలు, చేపలు, దువ్వెనలు చేసే కళాకారులున్నారు. తెలుగు మాట్లాడేవాళ్లు కూడా ఎక్కువే ఉన్న ఊరు అది. అక్కడి నుంచి బిల్లుతో కొమ్ము తెప్పించాను. గేదె కొమ్ముకైనా, ఎముకకైనా బిల్లు తప్పనిసరిగా అడుగుతాను. కర్ణాటక 2020 పశువధ నిషేధ చట్టం పరిధిలో 13 ఏళ్ల లోపు గేదెలు కూడా ఉన్నాయి. దుప్పిని వదిలేసి గేదె దగ్గరికి వచ్చాం కదా, ఇక కాగితాలతో పని లేదనుకుంటే పొరపాటు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాత కత్తి ట్యాంగ్ మేకులా సన్నగా ఉంటుంది. మొదట్లో 4 మిల్లీమీటర్ల మందం, చివరికి మొన. పిడికి రెండు పక్కలా పెట్టే పలకలు నేరుగా దాని మీద కూర్చోవు. ట్యాంగ్‌కు కొత్త ఉక్కు వెల్డింగ్ చేయవచ్చు గానీ ఆ వేడి బ్లేడు మొదటికి పాకితే పదును నిలవదు. తాతగారి బ్లేడుతో ఆ సాహసం చేయదలుచుకోలేదు. అందుకని ఫ్రేము కట్టాను. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కరెంటు బోర్డుల కోసం అమ్మే జీ10 అనే గాజునార, ఎపాక్సీ షీటును పిడి ఆకారంలో కోసి, మధ్యలో ట్యాంగ్ ఎంత ఉందో అంతే గాడి తీశాను. ట్యాంగ్ ఆ గాడిలో కూర్చుంటుంది, రెండు పక్కలా పలకలు ఫ్రేముకు అతుక్కుంటాయి. ఇనుముకు నీళ్లు తగిలే దారి మూసుకుపోతుంది. పాత పిడిని చంపింది ఆ నీళ్లే కాబట్టి ఈ ఒక్క నిర్ణయం విషయంలో నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

కొమ్మును నీళ్లలో ఉడికించి, మెత్తబడ్డాక రెండు అల్యూమినియం పలకల మధ్య వైస్‌లో బిగించి చదును చేశాను. రెండు రోజులు ఉంచాను. వారంలో కోసి, అతికించి, మూడు పిన్నులు వేసి, నల్లగా అద్దంలా మెరిపించాను. మార్చి చివర్లో ఊరికి పంపాను.

మే మొదటి వారంలో తిరిగొచ్చింది. పిన్నుల దగ్గర పలక గట్టిగానే ఉంది. వెనక చివర మాత్రం రెండు పలకలూ పైకి లేచి, ఫ్రేముకూ వాటికీ మధ్య 2 మిల్లీమీటర్ల సందు. గోరు దూరుతోంది.

ముందు అంటును, అంటే పలకలు అతికించిన జిగురును అనుమానించాను. అది తప్పు. లేచిన పలక లోపలి వైపు అంటు పొర శుభ్రంగా, నిండుగా ఉంది. వంగిన దిశ చూశాక అర్థమైంది. రెండు పలకలూ కొమ్ముకు పుట్టుకతో ఉన్న వంపు వైపే వంగాయి. కొమ్ము పాత రూపాన్ని మరిచిపోదు. ఉడికించి అణిచినప్పుడు ఒప్పుకున్నట్టే కనబడుతుంది. తేమ, ఎండ ఒకదాని తర్వాత ఒకటి తగిలితే మెల్లగా వెనక్కి తిరుగుతుంది. పెద్దాయన తోటలో వాడి, తొట్టి నీళ్లలో కడిగి, పిట్టగోడ మీద ఎండలో పెట్టేవారట. తోటలో వాడే కత్తిని ఎవరైనా అలాగే వాడతారు. తప్పు నాది. చదును చేసిన కొమ్మును కనీసం ఒక వేసవి, ఒక వాన చూసేదాకా అలమరలో వదిలేయాలి. నేను వారం కూడా ఆగలేదు. మామిడి సీజను లోపల ఇవ్వాలన్న టెన్షన్‌లో నాకు తెలిసిన విషయాన్నే పక్కన పెట్టాను.

అడగాల్సిన ప్రశ్న

పలకలు ఊడదీస్తున్నప్పుడు నాకొక సంగతి తట్టింది. కొడుకుతో పది సార్లు మాట్లాడాను. కత్తి వాడే మనిషితో ఒక్కసారీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఫోను చేయించాను.

"పెద్దయ్యా, కొమ్ము పిడి లేచిపోవడం కాక ఇంకేమైనా ఇబ్బందిగా ఉండిందా?"

ఆయన మొహమాటపడ్డారు. తర్వాత చెప్పారు. "నున్నగా బాగుంది నాయనా. సొన తగిలితేనే జారిపోతాంది. పాతదైతే ఎంత సొన పడినా చేతిని ఇడిచేది కాదు. ఇంగొకటి, దానికి పైన ఒక గుంత ఉండె. బొటనవేలు సరిగ్గా ఆడ కూచునేది. అంటు కట్టేటప్పుడు కత్తి యాడికి తిరిగిందో సూడకుండానే తెలిసిపోయేది."

మామిడి సొన సంగతి తోటలవాళ్లకు చెప్పనక్కర్లేదు. చర్మాన్ని కాలుస్తుంది, ముందు జిగురుగా ఉండి చెమటతో కలిస్తే నూనెలా జారుతుంది. నేను మూడు రోజులు కష్టపడి తెచ్చిన మెరుపే ఆయనకు ప్రమాదం అయింది. ఇక ఆ గుంత. పాత పిడి చీలిక సరిగ్గా దాని మధ్యలోంచి పోయింది. రెండు ముక్కల్లో సగం సగంగా ఉండి నాకు అది మామూలు బుడిపె పల్లంలా కనబడింది. చుట్టుకొలత తీశాను, గుంతను కొలవలేదు. పిడి మీద యాభై ఏళ్ల బొటనవేలు ఉన్న చోటును నేను చూడలేదు.

కొడుకుకు కావలసింది తాతగారి కొమ్ము. తండ్రికి కావలసింది సొనలో జారని గరుకుదనం, బొటనవేలికి ఒక చోటు. నేను నాలుగు నెలలు మొదటి దాని వెనకే తిరిగాను. రెండోదానికి ఏ జంతువు కొమ్మూ అక్కర్లేదు.

ఏది పనిచేసింది

గరుకుదనం కావాలంటే గేదె కాలి ఎముక మీద గాట్లు చెక్కడం ఒక పాత దారి. దుప్పి కొమ్ము ఖరీదై, దొరకడం కష్టమైనప్పుడు జేబు కత్తులు చేసేవాళ్లు ఎముకను ఇలా చెక్కి, రంగు వేసి, దానికి ఆ బెరడు రూపం తెచ్చేవారు. దాన్ని జిగ్గింగ్ అంటారు. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో ఎముక, కొమ్ము పని తరతరాలుగా ఉంది. అక్కడి నుంచి గేదె ముందుకాలి ఎముక పలకలు బిల్లుతో వచ్చాయి. మందం 7 మిల్లీమీటర్లు. దుప్పి కొమ్ముతో పోలిస్తే ఎముక పెళుసు. అందుకని ప్రతి అడుగూ ఆ ఒక్క విషయాన్ని మనసులో పెట్టుకుని వేయాల్సి వచ్చింది. అయినా మొదటి జత పోయింది, అది చివర్లో చెప్తాను.

ఎముకలో కొవ్వు ఉంటే అంటు పట్టదు, కొన్నాళ్లకు పసుపు మచ్చలు పైకి తేలతాయి. కొందరు గంటల తరబడి మరగబెడతారు. అలా చేస్తే ఎముకను పట్టి ఉంచే కొల్లాజెన్ కరిగిపోయి పలక సుద్దలా తయారవుతుంది. బ్లీచింగ్ పౌడరు కూడా అదే పని చేస్తుంది. నేను గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, రోజూ నీళ్లు మార్చుతూ మూడు వారాలు ఉంచాను. నీళ్ల మీద నూనె కళ్లు తేలడం ఆగాక, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఒక రోజు. తర్వాత నీడలో, గుడ్డ మీద, నెమ్మదిగా ఆరబెట్టాను.

కోసేటప్పుడు, రుద్దేటప్పుడు మాస్కు లేకుండా ఎవరూ ఈ పనికి దిగవద్దు. ఎముకైనా, కొమ్మైనా ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటే బయటికి రాదు. పచ్చి ఎముకతో రోగాల భయం కూడా ఉంది. సాధ్యమైనంత వరకు నీళ్లు పెట్టి రుద్దుతాను. ఆ వాసన తడిలో కూడా పోదు, షెడ్డు పక్కవాళ్లకు ముందే చెప్పుకోవాలి.

గాట్లు చెక్కే ముందు పెద్దాయన చేతి అచ్చు తెప్పించుకున్నాను. పిల్లలు ఆడుకునే క్లేను పాత పిడి మందంలో కర్ర ముక్కకు చుట్టి ఊరికి పంపాం. అంటు కట్టేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకోమన్నాం. తిరిగొచ్చిన క్లేలో బొటనవేలి గుంత స్పష్టంగా ఉంది, నేను ఊహించిన చోటికి ఒక సెంటీమీటరు ముందు. వేలు నిటారుగా కాదు, కొంచెం ఎడమకు వాలి కూర్చుంటోంది. ఈ వివరం ఫోనులో ఎన్నిసార్లు అడిగినా వచ్చేది కాదు. ముందు ఆ గుంత తీసి, దాని చుట్టూ మిగతా పిడిని మలిచాను.

గాట్లకు గుండ్రటి బిట్టు పెట్టిన చిన్న రోటరీ మెషీను వాడాను. వరసగా, సమానంగా చెక్కితే మిషను పనిలా ఉంటుంది, పైగా వేళ్లు ఒకే దిశలో జారతాయి. పొడవులో, లోతులో తేడాలు పెడుతూ, అడ్డంగా కొన్ని కలుపుతూ పోయాను. గుంత లోపల మాత్రం నున్నగా వదిలేశాను, వేలు రోజంతా రాచుకునే చోటు కదా.

ఎముక రంగును పైపైనే పీల్చుకుంటుంది. అందుకే చెక్కడం అయ్యాకే రంగు వేయాలి. పల్చటి పొటాషియం పర్మాంగనేట్ నీళ్లు పట్టించాను. ముందు ఊదా రంగులో భయపెట్టి, కాసేపటికి గోధుమ రంగులోకి దిగుతుంది. దాని మీద చిక్కటి టీ డికాక్షన్. ఆరాక, ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రం సన్న ఎమరీ పేపరుతో తేలిగ్గా రుద్దితే అక్కడ తెలుపు తేలుతుంది, గాట్లలో ముదురు రంగు నిలుస్తుంది. బెరడు రూపం అలా వచ్చింది. అది చూసి కొడుకు మొదటిసారి నవ్వాడు.

అతికించడానికి నెమ్మదిగా గట్టిపడే రకం ఎపాక్సీ వాడాను. అయిదు నిమిషాల రకం త్వరగా పట్టినా తేమకు త్వరగా ఓడిపోతుంది. ఫ్రేముకు అక్కడక్కడా చిన్న రంధ్రాలు వేస్తే అంటు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దారాల్లా పోయి పట్టు పెరుగుతుంది. ట్యాంగ్‌ను ముదురు ఎమరీతో గరుకు చేసి, ఎసిటోన్‌తో తుడిచాను. క్లాంపు కూడా మితంగానే బిగించాలి, ఎక్కువైతే అంటు అంతా బయటికి వచ్చేసి లోపల ఏమీ మిగలదు.

ఇక ఆ పోయిన మొదటి జత సంగతి. అన్నీ జాగ్రత్తగా చేసి, చివర్లో అలవాటు కొద్దీ ఇత్తడి పిన్నుల తలలను సుత్తితో కొట్టి బిగించాను. చెక్క మీద, గేదె కొమ్ము మీద ఎప్పుడూ అలాగే చేస్తాను. పిన్ను ఉబ్బి రంధ్రాన్ని తోసింది. వెనక పిన్ను నుంచి అంచు దాకా వెంట్రుకంత పగులు. దాన్ని సూపర్ గ్లూతో నింపి రంగు వేస్తే ఎవరికీ కనబడదు. కానీ ఒక్కసారి రాయి మీద పడితే ఆ పలక అక్కడే రెండవుతుంది. రెండు వారాల పనిని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. రెండో జతలో రంధ్రాలను పిన్ను కంటే కొంచెం వదులుగా, కింద చెక్క పెట్టి, నెమ్మదిగా, ఆగి ఆగి తొలిచాను. పిన్నును ఎపాక్సీలో ముంచి దించాను, సుత్తి ముట్టలేదు. పలకల ముందు అంచు బ్లేడు పక్కన ఒంటరిగా ఉంటే దెబ్బకు పెచ్చు లేస్తుంది, అందుకని అక్కడ బోల్స్టర్ అనే ఇత్తడి దిమ్మ అడ్డం పెట్టాను. చివరగా పల్చటి సూపర్ గ్లూతో రంధ్రాలు మూసి, మైనం రుద్దాను. మెరుపు తేలేదు.

జులై రెండో వారంలో కత్తి ఊరికి వెళ్లింది. తోతాపురి కోత చివరి రోజులు, అంటు కట్టే పని మొదలైన రోజులు.

తర్వాత

మొదటి జత ఎముకకు, గేదె కొమ్ము పిడికి డబ్బు తీసుకోలేదు. నా తప్పులకు వాళ్లు కట్టకూడదు.

ఈ పని తర్వాత కొన్ని పద్ధతులు మార్చుకున్నాను. ఎవరైనా కొమ్ము తెస్తామంటే సంచి బయల్దేరక ముందే ఫోనులో చెప్తున్నాను, రాష్ట్రం దాటించవద్దని కూడా. చదును చేసిన ప్రతి గేదె కొమ్ము పలక మీద తేదీ రాస్తున్నాను, ఏడాది నిండనిదే ముట్టను. పని ఒప్పుకునే కాగితంలో కత్తి ఎవరు వాడతారు, దేని మీద, ఏ తడిలో, ఎలా కడుగుతారు అనే ప్రశ్నలు మొదట ఉన్నాయి. ఏ వస్తువుతో పిడి కావాలన్న ప్రశ్న వాటి కింద ఉంది. వాడే మనిషి ఊళ్లో ఉంటే క్లే ముద్ద పార్సిల్‌లో వెళ్తుంది.

మా పనివాళ్లలో దుప్పి కొమ్ముకు సాటి లేదనేవాళ్లు ఉన్నారు. వస్తువుగా చూస్తే అది నిజమే, ఎముక దాని గట్టితనానికి రాదు. ఈ కత్తి రాయి మీద పడితే నాకు ఇప్పటికీ భయమే, పెద్దాయనతో ఆ మాట చెప్పాను కూడా. అలా పగిలితే కొత్త పలక వేసి ఇస్తానన్నాను. గేదె ఎముక మళ్లీ బిల్లుతో దొరుకుతుంది.

నవంబరులో కొడుకు షెడ్డుకు వచ్చినప్పుడు కత్తిని చూపించాడు. ఫ్రేముకూ పలకకూ మధ్య గోరు పెట్టి చూశాను, సందు లేదు. వెనక పిన్ను చుట్టూ భూతద్దంతో వెతికాను, పగులు లేదు. గాట్లలో సొన నల్లగా ఎండి నిలిచింది, నేను వేసిన టీ రంగు కంటే అదే ముదురుగా ఉంది. బొటనవేలి గుంతలో మాత్రం రంగు పోయి ఎముక తెల్లగా తేలింది. దానికి మళ్లీ రంగు వేయమంటారా అని కొడుకు ఫోనులో వాళ్ల నాన్నగారిని అడిగాడు.

"వద్దులేరా, అట్లే ఉండనీ" అన్నారు ఆయన.